సెటిలైన వాళ్లు, సెటిల్మెంటు వాళ్లు

"అక్కా, ఒక మాట అడగతా, నవ్వబాక. ఇండియన్ యాక్ట్ అంటే మన మీద పెట్టిన చట్టమా?"

2021 జూన్‌లో ఒక రాత్రి, కెనడాలోని బ్రాంప్టన్ నుంచి మా పిన్ని కూతురు వీడియో కాల్‌లో అడిగిన ప్రశ్న ఇది. ఆత్మకూరులో డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక భర్తతో పాటు అక్కడికి వెళ్లి అప్పటికి రెండేళ్లు. కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్ల కోసం కెనడా ప్రభుత్వం 1992 నుంచి ఉచితంగా నడుపుతున్న ఇంగ్లీషు తరగతులున్నాయి, లింక్ అంటారు. వాటిలో చేరింది గానీ, టీచరు పేరు పెట్టి పిలిస్తే మైకు కట్టేసుకునేది. కరోనా రోజులు, క్లాసులన్నీ తెర మీదే. తనలాగే నోరు పెగలని మన వైపు ఆడవాళ్లను ఇంకో ముగ్గుర్ని కూడగట్టింది. ఒకామెది ఉదయగిరి, ఒకామెది వింజమూరు, ఒకామెది కలిగిరి. "సాహిత్యంలో డాక్టరేట్ చేసినావు గదా, వారానికి రెండు దినాలు మా చేత ఇంగ్లీషు మాట్లాడించక్కా" అని నన్ను పట్టుకుంది.

మొదట్లో మా సంభాషణలన్నీ డాక్టరు దగ్గర ఏం చెప్పాలి, పిల్లాడి స్కూలుకి ఫోన్ చేసి సెలవెలా అడగాలి అన్నంత వరకే. ఆ మే నెలాఖరులో కామ్‌లూప్స్ వార్త వచ్చింది. ఆదివాసీ పిల్లల కోసం ఒకప్పుడు అక్కడ నడిపిన వసతి పాఠశాల ఆవరణలో, పేరూ గుర్తూ లేని సమాధులు కావచ్చునన్న ఆనవాళ్లు రాడార్ పరీక్షలో బయటపడ్డాయని అక్కడి ఆదివాసీ సమూహం ప్రకటించింది. ఊరంతా నారింజ రంగు చొక్కాలు. లింక్ టీచరు ఆ వారం పాఠంగా అదే చరిత్రనిచ్చింది. అందులో ఎదురైన మాటే 'ఇండియన్ యాక్ట్'. కొలంబస్ దారి తప్పి చేరిన నేల మీది మనుషులకు మన పేరు తగిలించాడనీ, 1876లో కెనడా చేసిన ఆ చట్టానికీ మనకీ సంబంధం లేదనీ చెప్పాను. సంబంధం లేదు అని అంత తేలిగ్గా ఎలా అనగలిగానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అదే పాఠంలో ఇంకో మాట, 'సెట్లర్'. అర్థమేమిటని అడిగితే ఉదయగిరి ఆమె తడుముకోకుండా చెప్పింది: "బాగా సెటిలైనోళ్లు." మిగతా ముగ్గురూ తలలూపారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఎందుకంటే తెలుగులో ఆ మాటకి ఆమె చెప్పిన అర్థమే సరైనది. కొడుకు అమెరికాలో సెటిలయ్యాడు, కూతురి పెళ్లి సెటిలైంది, ఇంక మనకేం కావాలి! మన మధ్యతరగతి కోరికలన్నిటికీ కలిపి పెట్టుకున్న ఒకే ఒక్క పేరు అది. ఆ మాట కింద ఇంకొకరి నేల ఉండొచ్చునన్న అనుమానం మన తెలుగులో రాదు. తెలంగాణలో 'సెట్లర్లు' అన్నప్పుడు మాత్రం ఆ మాట మన కాలికి ముల్లులా గుచ్చుకుంది. అక్కడితో దాన్ని రాజకీయాలకు వదిలేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నెల్లూరు జిల్లాలో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉందని గుర్తొచ్చింది. 'సెటిల్మెంటోళ్లు' అని మా పెద్దలు గొంతు తగ్గించి అనేవారు. అది దీవెన కాదు, తిట్టు.

*

ముందు కెనడా సంగతి. అక్కడ ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వసతి పాఠశాలల్లో పెట్టడం 19వ శతాబ్దంలో మొదలై 1990ల దాకా సాగింది. ఖర్చు ప్రభుత్వానిది, నిర్వహణ ఎక్కువగా చర్చిలది. 1920లో చట్టాన్ని సవరించి బడికి పంపడం తప్పనిసరి చేశారు. మొత్తమ్మీద లక్షన్నర మందికి పైగా పిల్లలు ఆ బడుల గుండా వెళ్లారు. జుట్టు కత్తిరించారు, చాలాచోట్ల పేరు తీసేసి నెంబరిచ్చారు, సొంత భాష మాట్లాడితే కొట్టారు. వేల మంది తిరిగి ఇల్లు చేరలేదు. ఇంకో పక్క 1885 తర్వాత, రిజర్వు దాటి బయటికి వెళ్లాలంటే ప్రభుత్వ ఏజెంటు రాసిచ్చే పాసు ఉండాలన్నారు. ఏ చట్టంలోనూ లేని ఆ పాసు దశాబ్దాల పాటు అమలైంది.

2008 జూన్ 11న ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. బాధితులు కోర్టుల్లో పోరాడి సాధించుకున్న 2006 నాటి ఒప్పందం నుంచి పుట్టిన సత్య, సయోధ్య కమిషన్ ఆరువేల మందికి పైగా సాక్ష్యాలు విని, జరిగినదాన్ని సాంస్కృతిక జాతి హననం అని పేరు పెట్టి చెప్పింది. 2015లో అది చేసిన 94 సిఫార్సుల్లో చివరి రెండూ మా నలుగురు విద్యార్థినుల వంటి వాళ్ల గురించే. కొత్తగా వచ్చేవాళ్లకిచ్చే సమాచారంలో, పౌరసత్వ పరీక్షలో ఈ చరిత్ర ఉండాలన్నది 93వది. పౌరసత్వ ప్రమాణంలో ఆదివాసీలతో చేసుకున్న ఒప్పందాల ప్రస్తావన ఉండాలన్నది 94వది. మా పాఠాలు నడుస్తున్న ఆ జూన్ నెలలోనే ప్రమాణపు మాటలు మార్చే చట్టం ఆమోదం పొందింది.

"మేమేం చేసినామక్కా? మేము నిన్న గాక మొన్న వొచ్చినోళ్లం" అంది కలిగిరి ఆమె. న్యాయమైన ప్రశ్నే. 1914లో కోమగాట మారు ఓడలో వచ్చిన మనవాళ్లను దిగనివ్వకుండా వెనక్కి తరిమింది కూడా ఆ దేశమే. ఆమె భర్త ఇంజనీరై ఉండి గోదాములో పెట్టెలు మోస్తున్నాడు. తను బస్సెక్కితే పక్క సీటు ఖాళీగా ఉండిపోతుందని చెప్పి ఏడ్చిన మనిషి. అయినా వాళ్లు అద్దెకుంటున్న బ్రాంప్టన్ నేల 1818లో మిస్సిసాగా ప్రజల నుంచి బ్రిటిష్ రాజ్యం ఒప్పందం పేరుతో తీసుకున్నదే. అన్యాయం పడ్డవాళ్లు కూడా ఇంకొకరి అన్యాయం మీద కట్టిన ఇంట్లో ఉండొచ్చు. ఈ సంగతిని వాళ్లకి నా వచ్చీరాని సులభ ఇంగ్లీషులో చెప్పగలిగాను. అదే సంగతిని నాకు నేను తెలుగులో చెప్పుకోలేకపోయాను.

*

ఇండియన్ యాక్ట్‌కి ఐదేళ్ల ముందు, 1871లో, అదే బ్రిటిష్ సామ్రాజ్యం ఇక్కడ నేరస్థ జాతుల చట్టం చేసింది. మొదట ఉత్తరాదికే పరిమితమైన ఆ చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. మనిషి నేరం చేశాడా లేదా అన్న విచారణ అక్కర్లేదు. ఫలానా సమూహం పుట్టుకతోనే నేరస్థులని గెజెట్‌లో వేస్తే చాలు, ఆ ప్రకటనని ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఇక వేలిముద్రలు, పోలీసులకి హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. అంతటితో లొంగరనుకున్న వాళ్లను 'సెటిల్మెంట్' అనే ఆవరణల్లోకి తోలడం. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఆ ఆవరణల్ని నడపడానికి ప్రభుత్వం ఎక్కువగా మిషన్లనే పిలిచింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలోని ఒక తెల్లదొర పేరది. గుంటూరు వైపు సీతానగరం, కర్నూలు జిల్లాలో సిద్ధాపురం. మా జిల్లాలో కావలి. కావలి సెటిల్మెంటుని అమెరికన్ బాప్టిస్టు మిషన్ తీసుకుంది, శామ్యూల్ బాడెన్ అనే మిషనరీ చాలా ఏళ్లు దాని పెత్తనం చూశాడు.

వాళ్లలో ఎక్కువమంది ఎరుకలవాళ్లు. వాళ్లు 'నేరస్థులు' ఎలా అయ్యారో మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన 'డిజ్ ఆనర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో వివరంగా చూపించారు. తీరం నుంచి ఉప్పు, మెట్ట ప్రాంతాల నుంచి ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన వ్యాపారులు వాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, తర్వాత రైలు వచ్చి ఆ వ్యాపారాన్ని చంపేశాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో తుంగ, వెదురు, పుల్ల, పచ్చిక అన్నిటికీ హద్దులొచ్చాయి. బతుకుదెరువు పోయిన మనిషి తిరుగుతుంటే ఆ తిరగడమే నేరమైంది. ఎరుక చెప్తూ, బుట్టలమ్ముతూ సొంత సంపాదనతో తలెత్తుకు తిరిగిన ఆడవాళ్లను ఇంటిపట్టున ఉండే పద్ధతైన గృహిణులుగా దిద్దాలని మిషన్లు పూనుకున్నాయి. అలా దిద్దుతూనే ఇంకోవైపు స్టూవర్టుపురం వాళ్లను చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పంపించాయి. ఆడదాని సంచారం మీద, సంపాదన మీద అంత అనుమానం ఎందుకో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

పాసు, వేలిముద్ర, హాజరు, మిషన్, బడి. సముద్రానికి ఆ ఒడ్డున, ఈ ఒడ్డున దాదాపు ఒకే కాలంలో, దాదాపు అవే పనిముట్లు! రెండూ ఒకటే అనడం లేదు. అక్కడ నేల కోసం వచ్చి నిలిచిపోయినవాళ్లు పాలకులు, వాళ్లు ఆదివాసీలతో కాగితాల మీదైనా ఒప్పందాలు చేసుకున్నారు. ఇక్కడ అసలు ఒప్పందమే లేదు. తెల్లవాడు వెళ్లిపోయాడు, చట్టాన్ని కింది నుంచి మోసిన మనం మిగిలాం. హాజరు పట్టీ తెరిచిన గ్రామ మునసబు, ఫలానావాడు రాత్రి గుడిసెలో లేడని చెప్పిన రైతు, దొరకి సాక్ష్యమిచ్చిన పెద్దమనిషి లండన్ నుంచి ఓడ దిగలేదు. వాళ్లంతా మా తాతలు.

1947లో మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దుచేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. ఆ రద్దు కోసం దశాబ్దాల పాటు పాటుబడినవాళ్లలో మా నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యుడు. 1962లో ఆయన యానాదుల మీద ఒక పుస్తకమే రాశాడు. అయితే 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. తలుపు తీసి గొళ్లెం మార్చినట్టయింది. మిగతాది మన సినిమాలు చూసుకున్నాయి. 1991లో ఒక్క ఏడాదే స్టూవర్టుపురం పేరుతో రెండు సినిమాలొచ్చాయి. పుట్టిన ఊరి పేరు ఉద్యోగ దరఖాస్తులో రాయడానికి వెనకాడే పిల్లలు ఎక్కడైనా ఉంటారా అంటే, మన దగ్గరే ఉన్నారు.

*

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్పాలి. ఇంతసేపూ అందుకే చుట్టూ తిరుగుతున్నాను.

అనంతసాగరంలో మా ఇల్లు చెరువుకి దగ్గర. చెరువు అవతల యానాదుల గుడిసెలు. నెల్లూరు జిల్లాలో పుట్టినవాళ్లకి యానాదుల గురించి చెప్పనక్కర్లేదు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో ఐదు లక్షలకు పైగా ఉన్న షెడ్యూల్డు తెగ. చెరువులో చేపలు, వరిమళ్లలో ఎలుకలు, అడవిలో తేనె, మూలికలు, తోటల కావలి. పొలం మనది, పంట కాపాడేది వాళ్లు. నేరస్థ జాతుల చట్టం వాళ్లలో కొన్ని సమూహాల మీద కూడా పడింది. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా ఉన్న యానాదులు 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు కదలాల్సి వచ్చింది. 'అనాది' అన్న మాట నుంచే యానాది వచ్చిందని చెప్తారు. మొదటి నుంచీ ఉన్నవాళ్లని! కెనడాలో గౌరవంగా వాడే మాటకి సరిసమానమైన మాట మా ఊళ్లో ఉంది. దాన్ని మేం ఎప్పుడు వాడేవాళ్లమంటే, తల దువ్వుకోని పిల్లని తిట్టడానికి.

నాకు పదేళ్లప్పుడు, 1990ల చివర్లో, మా పెద్దమ్మ గొలుసు కన్పించలేదు. ఇంట్లో ఇరవై మందిమి, పెళ్లికొచ్చిన చుట్టాలు. ఎవరి పెట్టే ఎవరూ వెతకలేదు. పొద్దున్నే అంట్లు తోమి పోయిన యానాదామెను పిలిపించి పంచలో కూర్చోబెట్టారు. ఆమెను ఎవరూ కొట్టలేదు. మావాళ్లు మంచివాళ్లని ఎన్నో ఏళ్లు నేను ఆ ఒక్క మాటతో సరిపెట్టుకున్నాను. పొద్దు గుంకేదాకా కూర్చోబెట్టారు, అంతే. ఆమె కొంగు విప్పి చూపించింది. గుడిసె వెతుక్కోమంది. మధ్యాహ్నం ఆమె చంటిపిల్లని ఎవరో తెచ్చి ఒళ్లో పడేస్తే అక్కడే పాలిచ్చింది, మేమంతా అన్నాలు తిని చేతులు కడుక్కుంటుంటే. సాయంత్రం గొలుసు బియ్యం డబ్బాలో దొరికింది. కొలిచేటప్పుడు పెద్దమ్మ మెడలోంచే జారిపడింది.

ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ ఆమెకో పాత చీర, రెండు మానికల బియ్యం పెట్టింది. పెదనాయన అరుగు మీంచి అన్నాడు: "పోనీలే, సెటిలైపాయ గదా."

మర్నాడు ఆమె మళ్లీ అంట్లు తోమడానికి వచ్చింది. రాకపోతే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. వచ్చింది కాబట్టి ఏమీ జరగలేదని మేమనుకున్నాం.

తర్వాత నేను చదువుకున్నాను. నా సిద్ధాంత గ్రంథంలో 'వలసానంతర' అన్న మాట పేజీకి రెండుసార్లుంటుంది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా రచయిత్రుల్ని ఉటంకించాను. కావలి అన్న మాట ఒక్కసారీ లేదు. ఇది నా ఒక్కదాని లోపమని కూడా అనుకోను. వలసపాలన అనగానే మన చేతులు ఆటోమేటిగ్గా బాధితుల వరుసలోకి వెళ్లిపోతాయి. తెల్లవాడి ముందు మనం బాధితులమే. ఆ నిజం ఎంత పెద్దదంటే, చెరువు అవతలి వాళ్ల ముందు మనమెవరమన్న ప్రశ్న దాని నీడలో కన్పించకుండా పోయింది. స్త్రీలుగా మన మీద జరిగే అణచివేతను గురించి ఎంతో రాసుకున్నాం. గొలుసు పోయిన పెద్దమ్మ కూడా ఆ ఇంట్లో అణిగిమణిగి బతికిన ఆడదే. పంచలో కూర్చోబెట్టమన్నదీ ఆమే.

*

'రికన్సిలియేషన్' అన్న మాట నేర్పాల్సి వచ్చిన రోజు మా క్లాసు చాలాసేపు ఆగిపోయింది. సయోధ్య అన్నాను. అది పేపర్లో మాట, నోటికి రాలేదు. రాజీ అందామా అంది మా చెల్లి. వింజమూరు ఆమె ఒప్పుకోలేదు. "రాజీ అంటే ఆడపిల్ల తరఫోళ్లని నోరు మూసుకోమనేది గదక్కా. పంచాయితీలో నేను చూళ్లేదా!" నిజమే. ఊళ్లో రాజీని కూడా 'సెటిల్మెంట్' అనే అంటారు. బలమున్నవాడు లెక్క తేల్చేస్తాడు, లేనివాళ్లు సరేనంటారు.

ఆ కమిషన్ పేరులో సత్యం ముందుంది, సయోధ్య తర్వాతుంది అని అప్పుడు గమనించాం. వసతి పాఠశాలల బాధితులు సాధించిన 2006 ఒప్పందం పేరు కూడా 'సెటిల్మెంట్ అగ్రిమెంటే'. కానీ అందులో పరిహారంతో పాటు, నష్టపోయినవాళ్లు మాట్లాడటం, రాజ్యం కూర్చుని వినడం కూడా ఒక షరతు. అక్కడంతా బాగుపడిందని కాదు, ఆ సిఫార్సుల్లో చాలా భాగం ఇంకా కాగితాల మీదే ఉందని అక్కడి ఆదివాసీలే చెప్తున్నారు. అయినా తేడా ఉంది. కొత్తగా దిగిన మా ఉదయగిరి ఆమెకు ఇంగ్లీషు నేర్పుతూ ఆ దేశం తన నేరాన్ని కూడా పాఠంలో పెట్టింది. మన పిల్లలు పన్నెండేళ్లు బడికెళ్లి వస్తారు. 1952 ఆగస్టు 31 ఏం రోజో ఎంతమందికి తెలుసు? విముక్త జాతుల వాళ్లు తమకు తామే జరుపుకునే రోజది.

ఇంగ్లీషు విషయంలోనూ మాకో చిక్కుముడి తగిలింది. అక్కడి పిల్లల నోట సొంత భాషను చంపిన కొరడా అది. మా నలుగురికి మొగుడి మీద ఆధారపడకుండా డాక్టరుతో తామే మాట్లాడుకోగలిగే ధైర్యం. మన దగ్గర దళిత, ఆదివాసీ ఆడపిల్లలు దాన్ని నిచ్చెనగా అడుగుతున్నారంటే తప్పు పట్టే అర్హత దాన్ని ముందే ఎక్కేసిన నాకు లేదు. యానాదుల తల్లిభాష తెలుగే. వాళ్ల భాషను మనం లాక్కోలేదు. అదే భాషలో వాళ్లకి మర్యాద లేకుండా చేశాం. రావే, పోవే, ఒసే అనేవి తప్ప మా ఇంట్లో ఆమెతో మాట్లాడటానికి వేరే క్రియాపదాలు లేవు. ఆమె కంటే ముప్పయ్యేళ్లు చిన్నదాన్ని, నేను కూడా అలాగే పిలిచాను.

2024లో మా చెల్లి పౌరసత్వ ప్రమాణం చేసింది. ముందు వారమంతా నాతో ఆ వాక్యం సాధన చేసింది, ఆదివాసీ ప్రజల ఒప్పంద హక్కులు అన్నచోట నాలుక తడబడకుండా. అదయ్యాక నేను మా అమ్మకి ఫోన్ చేశాను, ఆ యానాదామె పేరేంటని. అమ్మ చాలాసేపు ఆలోచించింది. "యానాదామే అనేవాళ్లం గదమ్మా. ఇప్పుడు దాని పేరెందుకే నీకు?" అంది. పదిహేనేళ్లు మా ఇంట్లో అంట్లు తోమిన మనిషి. రెండు రోజుల తర్వాత అమ్మే తిరిగి చేసింది. చెరువు అవతలికి ఎవర్నో పంపి కనుక్కుందట. ఆమె ఉంది. చూపు ఆనడం లేదు. కూతురు దగ్గరుంటోంది. ఆ రోజు పంచలో ఒళ్లో ఉన్న పిల్లే అయుండాలి.

పేరు కూడా చెప్పింది. అదిక్కడ రాయడం లేదు, ఆమెను అడగలేదు కాబట్టి. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చెరువు దాటి వెళ్లాలి. వెళ్లి ఏమనాలో ఇంగ్లీషులో నాకు బాగానే వచ్చు. 'సారీ' అనేస్తే నాకు తేలిగ్గా ఉంటుంది, ఆమెకేం అర్థం కాదు. ఏమండీ అని మొదలుపెట్టి, ఆ రోజు మేం చేసింది తప్పు అని తెలుగులో పూర్తి వాక్యం చెప్పడం ఇంకా సాధన చేస్తున్నాను. ఆ తర్వాత మాట్లాడేది ఆమె. మాట్లాడకపోవచ్చు కూడా. ఎంతసేపైనా కూర్చోవాల్సింది ఈసారి నేను.